ఇంటి కంప్యూటర్ చిక్కులు – వాటి పుట్టుపూర్వోత్తరాలు



ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం వ్రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరినారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయడానికి పండితులు ఉన్నారు గనుక, మన ఇళ్ళలో బల్లమీద కూర్చున్న కంప్యూటర్ గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు వ్రాయదలచినాను. నేడు పెన్షన్ స్లిప్పు చూడాలన్నా, జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలన్నా, కరెంటు బిల్లు కట్టాలన్నా, విదేశంలో ఉన్న మనవరాలి ముఖం చూడాలన్నా ఈ యంత్రమో, దీని తమ్ముడైన సెల్‌ఫోనో కావలసి వచ్చింది. అది కాస్త మొరాయించగానే మనలో చాలామంది చేతులెత్తేసి పక్కింటి కుర్రవాడినో, నెట్ సెంటరు వారినో ఆశ్రయిస్తున్నారు. సహాయం కోరడంలో తప్పు లేదు. అయితే సర్వీసులో ఉండగా ఆఫీసు సీలునూ, సంతకం చేసిన ఖాళీ కాగితాన్నీ ముక్కూ మొహం తెలియని వారి చేతికి మనం ఎప్పుడైనా ఇచ్చామా? పాస్‌వర్డు, ఓ.టి.పి. రెండూ కలిపి ఇతరులకు అప్పగించడం సరిగ్గా అటువంటి పనే.

ఏ మీట ఎందుకు పుట్టిందో తెలిస్తే దానిని ఎప్పుడు నొక్కాలో గుర్తుంటుంది. ఈ వ్యాసం ఉద్దేశం అంతే.

టైపు మిషను వారసత్వం

లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసైన వారికి కంప్యూటర్ మీటల పలక కొత్తది కాదు. అమెరికాలో మిల్వాకీ నగరానికి చెందిన క్రిస్టఫర్ షోల్స్ అనే ఆయన, తన సహచరులతో కలిసి 1868లో టైపు మిషనుకు పేటెంటు పొందారు. దానిని 1874లో రెమింగ్టన్ కంపెనీ వారు అమ్మకానికి తెచ్చారు. మన దేశంలో గోద్రెజ్ వారు 1955 నుండి టైపు మిషన్లు తయారు చేశారు. క్యు, డబ్ల్యు, ఇ, ఆర్, టి, వై అనే అక్షరాల వరుస ఆ తొలి రోజులదే. పక్కపక్క కడ్డీలు ఒకదానికొకటి తగిలి చిక్కుకోకుండా అలా అమర్చారని చాలామంది చెబుతారు. చరిత్రకారులలో దీనిపై ఏకాభిప్రాయం లేదు.

మొదటి మిషనులో ఇంగ్లీషు పెద్ద అక్షరాలు మాత్రమే పడేవి. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండవ నమూనాతో షిఫ్ట్ మీట వచ్చి చిన్న అక్షరాలు కూడా సాధ్యమైనాయి. షిఫ్టును నొక్కిపెట్టి ఉంచే తాళమే ఈనాడు క్యాప్స్ లాక్‌గా మిగిలింది. మన చిక్కులలో మొదటిది ఇక్కడే ఉన్నది. పాస్‌వర్డు సరిగానే కొడుతున్నా తప్పు అని వస్తే, ముందుగా క్యాప్స్ లాక్ దీపం వెలుగుతున్నదేమో చూడండి. కుడివైపు అంకెల మీటలు పనిచేయకపోతే నమ్ లాక్ మీట ఒకసారి నొక్కండి. ఈ రెండూ చూడకుండా మూడు, నాలుగుసార్లు తప్పు కొడితే బ్యాంకు ఖాతా లాగిన్ ఆగిపోయే ప్రమాదం ఉన్నది.

పురుగు కథ, మూడు మీటల కథ

ప్రోగ్రాములో దోషాన్ని 'బగ్', అనగా పురుగు, అంటారు. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో తయారైన మార్క్ 2 అనే యంత్రం 1947 సెప్టెంబరు 9న సరిగా పనిచేయలేదు. విప్పి చూడగా ఒక రిలేలో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కుని ఉన్నది. అక్కడి వారు దానిని లాగ్ బుక్కులో అంటించి, పక్కన నమోదు చేశారు. ఆ పుస్తకం నేటికీ వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో పురుగుతో సహా భద్రంగా ఉన్నది. అయితే యంత్ర దోషాన్ని బగ్ అనడం అంతకు ముందే ఉన్నది. ఎడిసన్ 1878లోనే ఆ మాట వాడారు. మనం గ్రహించవలసింది వారి పద్ధతి. దోషం కనిపించిన తేదీ, చోటు వ్రాసిపెట్టారు. మన కంప్యూటర్ తెరమీద ఏదైనా తప్పు సందేశం వచ్చినప్పుడు కంగారుపడి మూసివేయకుండా, ఒక కాగితం మీద ఉన్నది ఉన్నట్లు వ్రాసుకోండి, లేదా ఫోనుతో ఫోటో తీయండి. బాగుచేసే వారికి అదే సగం పని. "ఏదో వచ్చింది, పోయింది" అంటే ఎంతటివాడైనా ఏమి చేయగలడు?

ఇక కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అనే మూడు మీటల సంగతి. ఐ.బి.ఎం. వారు 1981 ఆగస్టులో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటర్‌ను రూపొందించిన ఇంజనీర్లలో డేవిడ్ బ్రాడ్లీ ఒకరు. పరీక్షలు జరిపేటప్పుడు యంత్రం పదే పదే బిగుసుకుపోతుంటే, ప్రతిసారీ కరెంటు ఆపి మళ్ళీ వేయకుండా ఉండేందుకు ఆయన ఈ ఉపాయం చేశారు. ఒక్క చేత్తో పొరపాటున నొక్కడానికి వీలులేకుండా మీటలను దూరదూరంగా ఎంచుకున్నారు. నేటి విండోస్‌లో ఈ మూడూ నొక్కితే ఒక పట్టిక వస్తుంది. అందులో టాస్క్ మేనేజర్‌ను ఎంచుకుని, కదలకుండా నిలిచిపోయిన ప్రోగ్రామును మాత్రం ఆపివేయవచ్చు. స్విచ్ పీకవలసిన పని లేదు.

'ఆపి మళ్ళీ వేయండి' అనే సలహా విని నవ్వేవారు ఉన్నారు. అందులో శాస్త్రం ఉన్నది. కంప్యూటర్‌లో డిస్కు మన రికార్డు రూము వంటిది. మెమరీ మన బల్ల వంటిది. రోజంతా ఫైళ్ళు తెచ్చి బల్లమీద వేసి, తిరిగి పంపకపోతే చివరకు చేయి పెట్టడానికి చోటుండదు. రీస్టార్ట్ చేస్తే బల్ల తుడిచినట్లు అవుతుంది. ఇక్కడ ఒక కిటుకు గమనించగలరు. 2012లో వచ్చిన విండోస్ 8 నాటినుండి, యంత్రం తొందరగా లేవడం కోసం, షట్ డౌన్ చేసినప్పుడు కొంత పనిని దాచిపెట్టుకుని మరునాడు అక్కడినుండే మొదలుపెట్టే ఏర్పాటు చాలా కంప్యూటర్లలో ఉన్నది. కావున చిక్కు వచ్చినప్పుడు షట్ డౌన్ కాదు, రీస్టార్ట్ అనేదే ఎంచుకోవలెను.

కత్తెర, జిగురు, కార్బను కాగితం

నేను 1970లలో ఒక జిల్లా కార్యాలయంలో చేరిన రోజుల్లో, డ్రాఫ్టులో ఒక పేరా పైకి జరపాలంటే కత్తిరించి జిగురుతో అంటించి, మళ్ళీ మొత్తం టైపు చేయించేవారు. సరిగ్గా ఆ కాలంలోనే కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనా కేంద్రంలో ల్యారీ టెస్లర్, తన సహచరునితో కలిసి, కంప్యూటర్ తెరమీద కట్, కాపీ, పేస్ట్ అనే పద్ధతిని రూపొందించారు. పేర్లు కత్తెర, జిగురు పనులవే. కంట్రోల్ నొక్కిపెట్టి ఎక్స్ కొడితే కత్తిరింపు, సి కొడితే నకలు, వి కొడితే అతికింపు. వీటికంటే మన వయసు వారికి ముఖ్యమైనది కంట్రోల్, జెడ్. వ్రాసినదంతా చెరిగిపోయినట్లు కనిపిస్తే గుండె బాదుకోకుండా ఈ రెండూ నొక్కండి. చేసిన చివరి పని రద్దై పోయినది తిరిగి వస్తుంది. అక్షరాలు చిన్నవిగా కనిపిస్తే కంట్రోల్‌తో పాటు ప్లస్ గుర్తు నొక్కితే ఇంటర్నెట్ పేజీ పెద్దదవుతుంది. సున్నా నొక్కితే యథాస్థితికి వస్తుంది.

కార్బను కాగితానికి 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ పేటెంటు పొందారు. ఈ-మెయిలులో 'సి.సి.' అని కనిపించేది కార్బన్ కాపీకి పొడి అక్షరాలే. దాని పక్కనే ఉండే 'బి.సి.సి.'లో చిరునామాలు పెడితే అవి మిగతా వారికి కనిపించవు. పదిమందికి ఒకే ఉత్తరం పంపేటప్పుడు అది వాడడం మర్యాద, భద్రత కూడా.

ఆఫీసు కాపీ లేకుండా ఏ కాగితమూ బయటకు పంపని మనము, పి.పి.ఓ. కాపీ, ఇంటి పత్రాలు, పిల్లల పెళ్ళి ఫోటోలు మాత్రం ఒక్క కంప్యూటర్‌లోనే ఉంచి నిశ్చింతగా ఉంటున్నాము. డిస్కు కూడా యంత్రమే. ఏదో ఒకనాడు ఆగిపోతుంది. ముఖ్యమైనవాటికి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, ఒకటి ఇంటి బయట ఉండాలన్నది ఈ రంగంలోని వారు చెప్పే సూత్రం. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్ డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊరిలో ఉన్న కుమార్తె వద్ద ఉంటే సరిపోతుంది.

తెలుగు అక్షరాలకు నంబర్లు

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చినా, కంప్యూటర్‌లో తెలుగు చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఒక్కొక్క కంపెనీ తన ఫాంటులో అక్షరాలకు తన ఇష్టం వచ్చిన సంకేతాలు ఇచ్చుకోవడమే దీనికి కారణం. ఒక ఆఫీసులో టైపు చేసిన తెలుగు ఉత్తరం మరొక ఆఫీసులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల గందరగోళంగా కనిపించేది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు స్థానం లభించింది. ప్రపంచంలో ఎక్కడైనా 'అ' అక్షరం నంబరు 3077, 'క' అక్షరం నంబరు 3093. 2001లో విండోస్ ఎక్స్‌పి, గౌతమి అనే తెలుగు ఫాంటుతో సహా వచ్చింది.

దీనివల్ల మనకు ఉపయోగం ఏమిటి? వచ్చిన ఫైలులో తెలుగుకు బదులు ఇంగ్లీషు పిచ్చి అక్షరాలు కనిపిస్తే మీ కంప్యూటర్ చెడిపోయినట్లు కాదు. అది పాత ఫాంటుతో చేసినది కావచ్చు. పంపినవారిని పి.డి.ఎఫ్.గా పంపమని అడగండి. మీరు తెలుగులో వ్రాయదలిస్తే విండోస్ సెట్టింగులలో తెలుగు కీబోర్డును చేర్చుకోవచ్చు, ఖర్చు లేదు. విండోస్ మీటతో స్పేస్ బారును నొక్కితే తెలుగు, ఇంగ్లీషు మారుతుంటాయి.

తాళంచెవి చరిత్ర

కంప్యూటర్‌కు పాస్‌వర్డు 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో వచ్చింది. ఒకే యంత్రాన్ని చాలామంది వాడుతుండడంతో ఎవరి ఫైళ్ళు వారికి ఉండేందుకు ఫెర్నాండో కోర్బాటో బృందం ఈ ఏర్పాటు చేసింది. 1962లోనే అలన్ షేర్ అనే విద్యార్థి, తనకు ఎక్కువ సమయం కావాలని, అందరి పాస్‌వర్డుల జాబితాను ప్రింటు తీసుకున్నాడు. కొన్నేళ్ళకు మరో వింత జరిగింది. ఇద్దరు ఉద్యోగులు ఒకేసారి పనిచేస్తుండగా రెండు ఫైళ్ళు తారుమారై, లాగిన్ అయిన ప్రతివారికీ స్వాగత సందేశానికి బదులు అందరి పాస్‌వర్డులూ కనిపించాయి. తాళం ఎంత పాతదో దొంగతనం కూడా అంత పాతదే.

గజిబిజి గుర్తులు పెట్టాలి, తరచుగా మార్చాలి అనే నియమం 2004లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలతో వ్యాపించింది. అదే సంస్థ 2017లో అభిప్రాయం మార్చుకున్నది. ఊరకే మార్చుతూ ఉంటే మనుషులు చివర ఒక అంకె మాత్రమే మార్చి సరిపెడతారని, పొడవే ముఖ్యమని తేల్చింది. కావున సంబంధం లేని నాలుగు మాటలు కలిపి పొడుగాటి పాస్‌వర్డు పెట్టుకోండి. బ్యాంకుకు పెట్టినది మరెక్కడా పెట్టవద్దు. గుర్తుండకపోతే పుస్తకంలో వ్రాసి బీరువాలో పెట్టుకోవచ్చు, కంప్యూటర్‌కు అంటించవద్దు.

టీకాలు వేయించక తప్పదు

1986లో పర్సనల్ కంప్యూటర్లకు సోకిన 'బ్రెయిన్' వైరస్ లాహోరులోని ఇద్దరు సోదరులు వ్రాసినది. అందులో తమ పేర్లు, ఫోను నంబరు కూడా పెట్టారు. తరువాతి వారు అంత అమాయకులు కారు. 2017 మే నెలలో 'వానాక్రై' అనేది ప్రపంచమంతటా ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్ ఆసుపత్రులు దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లకు అది సోకింది. గమనించవలసిన సంగతి ఏమంటే, ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ వారు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేశారు. వేయించుకోని వారే ఎక్కువగా నష్టపోయారు. 'అప్‌డేట్' అని వచ్చినప్పుడు విసుక్కుని వాయిదా వేయవద్దని మనవి. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, అది వాడుతున్న సభ్యులు తమ యంత్రం విండోస్ 11కు పనికివస్తుందేమో తెలిసినవారితో చూపించుకోగలరు.

అసలు దోషం యంత్రంలో లేనప్పుడు

ఓ.టి.పి. వెనుక ఉన్న ఆలోచన కూడా పాతదే. ఒక్కసారికే చెల్లే పాస్‌వర్డును తయారు చేసే పద్ధతిని లెస్లీ లాంపోర్ట్ 1981లో ప్రకటించారు. మన దేశంలో ఇంటర్నెట్‌లో కార్డుతో కొనుగోళ్ళకు రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుండి అదనపు ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. తాళం గట్టిపడిన కొద్దీ దొంగలు తాళం వదలి తాళంచెవి ఉన్న మనిషిని పట్టుకున్నారు. నేటి మోసాలలో చాలావరకు కంప్యూటర్ చెడిపోయి జరిగేవి కావు. ఒక ఫోను పిలుపుతో జరిగేవి.

"ఈ రాత్రికి మీ కరెంటు కట్ అవుతుంది, ఈ ఫైలు ఎక్కించుకోండి" అంటారు. "మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, నంబరు చెప్పండి" అంటారు. "మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాము" అని యూనిఫాంలో వీడియోలో కనిపిస్తారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేనే లేదు. మాకు తెలిసిన ఒక విశ్రాంత ఉద్యోగి, ఫోనులో చెప్పినట్లు ఒక యాప్ వేసుకుని తన తెర అవతలివారికి కనిపించేలా చేయడంతో, గ్రాట్యుటీగా వచ్చిన డబ్బులో పెద్ద భాగం ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నారు. ఆయన పదిరోజులు ఇంట్లో వారికి కూడా చెప్పలేదు. పోయిన డబ్బుకంటే ఆ మౌనమే ఎక్కువ నష్టం చేసింది. వెంటనే చెప్పి ఉంటే కొంతైనా బ్యాంకులో నిలిపివేసే అవకాశం ఉండేది.

జీవన ప్రమాణ్ పథకం 2014 నవంబరు 10న మొదలైనది. 2021 నుండి వేలిముద్ర పడని వృద్ధులు కూడా ఫోనులో ముఖం చూపించి పత్రం ఇచ్చే వీలు కలిగింది. ఇది మన మేలుకే వచ్చింది. కానీ మనంతట మనం మొదలుపెట్టిన పనికి వచ్చిన ఓ.టి.పి. వేరు, ఎవరో ఫోను చేసి అడిగే ఓ.టి.పి. వేరు. రెండవదానిని బ్యాంకు వారని చెప్పినా, ట్రెజరీ వారని చెప్పినా, ఎవరికీ చెప్పవద్దు.

సభ్యులు ఈ కింది నాలుగు మాటలు కాగితం మీద వ్రాసి కంప్యూటర్ పక్కన ఉంచుకోగలరని ప్రార్థన. బిగుసుకుంటే రీస్టార్ట్. చెరిగిపోతే కంట్రోల్, జెడ్. ఫోనులో ఎవరు తొందరపెట్టినా ముందు ఫోను పెట్టేసి, ఇంట్లో ఒకరికి చెప్పడం. డబ్బు పోతే సిగ్గుపడకుండా ఆ క్షణమే 1930 నంబరుకు, ఆపైన తన బ్యాంకుకు ఫోను చేయడం.