మైదానం గట్టున నిలబడ్డవారు

రంగూన్ నగరంలో తామ్వే పేట పేరు ఎత్తగానే మా ఈడు వారికి రెండు సంగతులు గుర్తుకు వస్తాయి. ఒకటి చైక్కసాన్ గుర్రప్పందేల మైదానం. రెండవది వానాకాలపు ఫుట్‌బాల్. పందేల గురించి రాసినవారు ఉన్నారు. బర్మా ఆటగాళ్ళ గురించి అంతకన్నా ఎక్కువ మందే రాశారు. బురదలో గట్టున నిలబడి నలభై ఏళ్ళు గొంతు చించుకున్న మన వారిని గురించి మాత్రం ఎవరూ రాయలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

మారిషస్, నేటాల్, ఫీజీ తోటలకు వెళ్ళిన వారివలె మా తాతలు ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి వెళ్ళినవారు కారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, కాకినాడలోనో విశాఖలోనో ఓడ ఎక్కి, ఆ అప్పు తీరేదాకా అతని కింద పనిచేసినవారు. కాగితం లేదన్న మాటే గాని కట్టు మాత్రం అదే. రేవులో మూటలు మోశారు, ధాన్యపు మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీద మమ్మల్ని కోరంగీలు అన్నారు. మొదట అది ఊరి పేరే, తర్వాత తిట్టు అయింది. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె తర్వాత జరిగిన అల్లర్లలో ఆ పేరు పెట్టి వెదికి మరీ కొట్టారు. ఆ తర్వాత చాలా కాలం మన వారు ఆటకు వెళ్ళడమే మానేశారని ఇంట్లో చెప్పేవారు. తిరిగి వెళ్ళినప్పుడు గుంపుగా వెళ్ళి, గుంపుగానే తిరిగి వచ్చేవారట.

పెద్ద ఆటలు బర్మా అథ్లెటిక్ అసోసియేషన్ మైదానంలో జరిగేవి. మన వారి నోట అది ‘బీయేయే గ్రౌండు’. స్వాతంత్ర్యం తర్వాత ఆంగ్ సాన్ పేరు పెట్టారు గాని మా పెద్దలకు పాత పేరే నిలిచిపోయింది. చిన్న ఆటలు మా పేటలోని ఖాళీ స్థలంలోనే. మా పేట జట్టు గొప్ప జట్టు ఏమీ కాదు. గెలిచిన ఆటల కన్నా ఓడిన ఆటలే ఎక్కువ. అయినా ఆ జట్టుకు ఉన్నటువంటి అభిమానులు రాజుగారి జట్టుకు కూడా ఉండి ఉండరు.

గొడుగు ఉండి కూడా విప్పని తాత ఒకరు. రంగూన్ వాన అంటే మాటలు కాదు, మే నెలాఖరున మొదలైతే అక్టోబరు దాకా వదలదు. ఆట ఉన్న రోజు ఆయన చంకలో గొడుగు పెట్టుకొని, గోలుకు ఎడమ పక్కన నిలబడి, తల మీది నుంచి నీరు కారుతున్నా కదిలేవారు కాదు. ఎప్పుడో ఒకసారి గొడుగు విప్పిన క్షణానే ఎదుటివారు గోలు కొట్టారట. మళ్ళీ విప్పలేదు. జలుబు చేసి మూలిగితే ఇంట్లో నాయనమ్మ గొడుగునే తిట్టేది, ఆయన్ను కాదు.

ఉడికించిన బఠాణీలు అమ్మే అవ్వ ఒకామె ఉండేది. బర్మా వారు ‘పెబ్యో’ అనే ఆ గుగ్గిళ్ళు తామ్వేలో తెల్లవారకముందే వీధుల్లోకి వచ్చేస్తాయి. ఈమె మాత్రం ఆట రోజున మైదానం దగ్గర సాయంత్రం కూడా అమ్మేది. ఎదుటి జట్టు వైపు చప్పట్లు కొట్టినవాడికి గుగ్గిళ్ళు లేవు. డబ్బు చేతిలో పెట్టినా “అయిపోయాయి బాబూ” అనేది, బుట్ట నిండా ఉండగానే. ఆమెకు ఆట నియమాలు ఒక్కటీ తెలియవు. మా వాళ్ళ బనియన్ల రంగు తెలుసు, అంతే.

ఇక మూడవవారు రేవులో లెక్కల గుమాస్తా. ఆయన ప్రతి ఆట ఫలితాన్నీ తెలుగు పంచాంగం అంచున, ఆ తిథికి ఎదురుగా రాసేవారు. ఆషాఢ బహుళ తదియ, రెండు ఒకటి, గెలుపు. పక్కనే దుర్ముహూర్తం ఎంతసేపో కూడా. ఓడిన రోజున అంకెలు రాయకుండా చిన్న చుక్క పెట్టేవారు. చుక్కలే ఎక్కువని మేము నవ్వితే, పంచాంగం మూసి పక్కకు తిరిగి కూర్చునేవారు. మా జట్టు చరిత్ర అంటూ ఎక్కడైనా ఉందీ అంటే ఆ పంచాంగాలలోనే ఉంది.

యుద్ధం వచ్చి అంతా చెదిరింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను వారి బాంబులు పడ్డాయి. 1942లో కొండలూ అడవులూ దాటి లక్షలాది భారతీయులు కాలినడకన బయలుదేరారు. చేరినవారి కన్నా చేరనివారిని గురించే మన ఇళ్ళలో ఎక్కువ చెప్పుకున్నారు. బర్మా ఆటగాడు ఫ్రెడ్ పగ్స్లీ కూడా అలాగే నడిచి కలకత్తా చేరాడు. ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరి, 1945లో లీగునూ షీల్డునూ కూడా గెలిచిన ఆ జట్టుకు ఎన్నో గోళ్ళు కొట్టాడు. గొడుగు తాత ఈ సంగతి తన బంధువు గురించి చెప్పినట్టు చెప్పేవారు.

1953 సంగతి వేరు. ఇండియా, బర్మా, పాకిస్తాన్, సిలోను జట్ల నాలుగు దేశాల పోటీ ఆ ఏడు రంగూన్‌లోనే జరిగింది. మేము అప్పటికి బడి పిల్లలం. ఇండియా జట్టు బర్మాతో తలపడే రోజున మా వీధిలో పొద్దుటి నుంచి ఒకటే మాట, మనం ఎవరి వైపు? విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు జేబులో పెట్టుకొని తిరిగేవారు అప్పటికే మనలో చాలామంది. ఇండియాకు చప్పట్లు కొడితే పక్కవాడు ఏమంటాడో. బర్మాకు కొడితే ఇంట్లో గోడ మీది గాంధీ గారి పటం ముఖం ఎలా చూడాలో. గుమాస్తా గారు మొదటి సగం ఒకరికి, రెండవ సగం ఒకరికి అని తీర్పు చెప్పారు. గుగ్గిళ్ళ అవ్వ ఆ రోజు అందరికీ అమ్మింది. కప్పు ఇండియా వారే తీసుకుపోయారు. పంచాంగంలో ఆ తిథి దగ్గర అంకె లేదు, చుక్కా లేదు.

1962లో సైన్యం అధికారం చేపట్టాక గుర్రప్పందేలు ఆగిపోయాయి. దుకాణాలు, మిల్లులు జాతీయం అయ్యాయి. 1964 మే 17న యాభై, నూరు క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. మా జట్టు చందాల డబ్బాలో ఉన్నవన్నీ ఒక్క క్యాటు నోట్లే కాబట్టి ఆ డబ్బు మాత్రం చెల్లింది! జీవితమంతా కూడబెట్టిన వారి కన్నా మా బీద జట్టే నయమని గుమాస్తా గారు నవ్వారు గాని, ఆ నవ్వు మాకు నచ్చలేదు. ఓడలు కట్టారు. నగలు, నగదు తీసుకుపోనివ్వలేదు. పంచాంగాల మూట పక్కింటి వారి దగ్గర ఉంచి వెళ్ళారు. తర్వాత ఎవరో వెళ్ళి చూస్తే చెదలు తినగా మిగిలినవి అట్టలే.

అటు తర్వాత పేట జట్లు సన్నగిల్లి, ప్రభుత్వ శాఖల జట్లు, సైన్యం జట్టు పైకి వచ్చాయి. అదే కాలంలో బర్మా ఫుట్‌బాల్ మాత్రం ఆసియాలో శిఖరాన నిలిచింది. 1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం గెలిచారు. గూర్ఖా సంతతివాడైన సుక్ బహదూర్ ఆ తరానికి పెద్ద పేరు. బయటి నుంచి వచ్చినవారి బిడ్డ దేశపు బనియను తొడుక్కున్నాడన్న సంగతి తామ్వేలో మిగిలినవారికి ఎంత సంతోషమో చెప్పలేము. అవ్వ అప్పటికి లేదు.

1970లో మళ్ళీ బ్యాంకాక్. సెమీఫైనల్లో బర్మాకు ఎదురు వచ్చింది ఇండియాయే. ఇండియాకు నాయకుడు మన హైదరాబాదు నయీముద్దీన్. బర్మా 2-0తో గెలిచి, ఫైనల్లో కొరియాతో సమంగా నిలిచి స్వర్ణం పంచుకుంది. అప్పటికి గుమాస్తా గారు విశాఖపట్నం బర్మా క్యాంపులో రేకుల ఇంట్లో ఉన్నారు. ఆయన తామ్వేకు రాసిన కార్డు మేము చూశాము. కుశల ప్రశ్నలు లేవు, వర్షాల ముచ్చట లేదు. పైన తిథి, దాని కింద ఒక్క వాక్యం.

“మనం రెండు గోళ్ళతో గెలిచాం.”