మస్టాంగు కారు: ఆరు సిలిండర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్ల ఇంజను

మస్టాంగు అమెరికా దేశమునందలి ఫోర్డు మోటారు కంపెనీ నిర్మించుచున్న క్రీడాశైలి కారు. 1964 ఏప్రిల్ 17వ తేదీన, న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున ప్రజల యెదుటికి వచ్చిన నాటినుండియు అది ఒకే పేరుతో, వేర్వేరు ఇంజనులతో విక్రయింపబడుచు వచ్చినది. కావున ఆరు సిలిండర్లు గల దానిని కొనవలెనా, ఎనిమిది గల దానిని కొనవలెనా యను ప్రశ్న, నడుమ కొలది యేండ్లు తప్ప, అర్ధశతాబ్దికి పైగా కొనుగోలుదారులను వెన్నాడినది. ధరకును వేగమునకును నడుమ జరుగు బేరముగా ఈ ప్రశ్న పైకి తోచును. కాని మూతక్రింది యంత్రము మారినప్పుడు ఇరుసులు, బ్రేకులు, చక్రములు సైతము మారుచుండుటచే, ఇంజనును ఎన్నుకొనువాడు తెలిసియో తెలియకయో యావత్తు వాహనమునే ఎన్నుకొనుచున్నాడు.

నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి సిలిండరును క్రాంకు షాఫ్టు రెండు చుట్లు, అనగా 720 డిగ్రీలు, తిరుగునప్పటికి ఒక్క పర్యాయము ఇంధనమును మండించును. ఆరు సిలిండర్లున్నచో 120 డిగ్రీలకు ఒకటి చొప్పునను, ఎనిమిది యున్నచో 90 డిగ్రీలకు ఒకటి చొప్పునను శక్తిఘాతములు వచ్చును. ఘాతములు దగ్గరపడిన కొలది, మందవేగమున సైతము చక్రములకు అందు త్రోపుడు అవిచ్ఛిన్నమగును. అంతమాత్రమున ఆరు సిలిండర్ల యంత్రము మొరటుదని తలచుట పొరపాటు. సిలిండర్లన్నియు ఒకే వరుసలో నిలిచిన ఆరింటి ఇంజనులో ముందరి మూడు పిస్టనుల కదలికకు వెనుకటి మూడింటి కదలిక అద్దములోని ప్రతిబింబమువలె నుండుటచే, పిస్టనుల పరుగువలన పుట్టు ప్రధాన బలములు పరస్పరము రద్దై, వేఱే ఉపకరణమేదియు లేకయే సమతుల్యము సిద్ధించును. ఈ సహజగుణము రెండు వరుసలుగా చీలిన వి6 ఇంజనునకు లేదు. ముందువెనుకలకు ఊగునట్టి చలనమొకటి దానిని వదలదు. వి8 ఇంజనులో క్రాంకు షాఫ్టునకు బరువైన ప్రతిభారములను చేర్చి స్థిరత్వమును సాధింతురు. దాని మొత్తపు ఘాతములు సమదూరమున వచ్చుచున్నను, ఒక్కొక్క వరుసలో మాత్రము అవి అసమాన వ్యవధులలో జరుగును. అభిమానులు ప్రాణప్రదముగా నెంచు ఆ గంభీరమైన గరగర ధ్వని ఈ అసమానతనుండియే జనించుచున్నది.

లీ అయకోకా ఫోర్డు విభాగమునకు అధిపతిగా నున్న కాలమున, మస్టాంగు ఆ సంస్థవారి ఫాల్కను అను చిన్న కుటుంబవాహనపు భాగములనుండి రూపొందినది. 2,368 డాలర్ల ప్రారంభధరకు లభించినది 170 ఘనపు అంగుళముల, 101 అశ్వశక్తుల, ఏకపంక్తి ఆరు సిలిండర్ల ఇంజను. అధికముగా చెల్లింపగలవారికి 260 ఘనపు అంగుళముల వి8 164 అశ్వశక్తులతోను, 289 అంగుళముల వి8 210 అశ్వశక్తులతోను దొరకెను. అనతికాలముననే 271 అశ్వశక్తుల ప్రత్యేక యంత్రమును వచ్చి చేరినది. ఆ యేటి శరత్కాలమున ప్రాథమిక ఇంజను 200 ఘనపు అంగుళములకు పెరిగి 120 అశ్వశక్తులను పొందగా, 289 అంగుళముల దానిలో 200, 225 అశ్వశక్తుల భేదములు ఏర్పడినవి. ఇవన్నియు ఇంజనును కారునుండి వేఱు చేసి, పరికరముల భారము తగ్గించి కొలిచిన స్థూలసంఖ్యలు. నేటి లెక్కలతో వీనిని సూటిగా పోల్చరాదు.

ఈ అంకెలకన్న ముఖ్యమైనది వానివెంట వచ్చిన సామగ్రి. ఆరు సిలిండర్ల కారు చక్రమునకు నాలుగు బోల్టులు, వి8 కారు చక్రమునకు ఐదు; మొదటిదాని బ్రేకు డ్రమ్ముల వ్యాసము 9 అంగుళములు, రెండవదానిది 10 అంగుళములు. వెనుక ఇరుసు, ముందరి స్ప్రింగులు, స్టీరింగు కడ్డీలు కూడ మొదటిదానిలో తేలికవి, రెండవదానిలో దృఢమైనవి. ఒక్కముక్కలో చెప్పవలెనన్న, నిర్మాతలు ఒకే వస్త్రమును తొడిగి రెండు కార్లను అమ్మిరి. అందువలన వి8 పక్షమున నిలుచు బలమైన యుక్తి దాని వేగము కాదు. ఆ వేగమును ఆపుటకును అదుపుచేయుటకును వలయు అంగములు కర్మాగారముననే దానికి అమరియుండుటయే ఆ యుక్తి అని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయము.

అయినను ఆరు సిలిండర్ల మస్టాంగును పేదవాని ప్రత్యామ్నాయముగా చిన్నచూపు చూచుట న్యాయము కాదు. 200 అంగుళముల ఇంజనులో క్రాంకు షాఫ్టును ఏడు బేరింగులు మోయుచున్నవి. వెనుకటి 170 అంగుళముల దానిలో అవి నాలుగే. ఈ మార్పువలన అది మిక్కిలి మన్నికను గడించినది. ముక్కుమీద బరువు తగ్గుటచే, పవరు స్టీరింగు లేకున్నను చక్రము సులువుగా తిరుగును. మూతక్రింద చోటు విశాలమగుటచే మరమ్మతుకు చేయి చక్కగా ఆడును. దాని లోపమెల్ల శ్వాసలోనున్నది: గాలి లోనికి పోవు గొట్టమును సిలిండరు తలతో కలిపి ఒకే పోతగా పోసినందున, దానిని విప్పి అంతకన్న మేలైనదానిని అమర్చుకొనుటకు వీలులేదు. తొలినాళ్లలో కొనుగోలుదారులలో అధికసంఖ్యాకులు వి8 ను కోరిరి. 1966లో కంపెనీ స్ప్రింట్ 200 అను అలంకృత రూపముతో ఆరు సిలిండర్ల కారుకు ప్రత్యేక ప్రచారము కల్పింపవలసి వచ్చినది.

తరువాతి చరిత్రలో ఈ రెంటి నడుమ దూరము పలుమార్లు మారినది. 1972 నుండి అశ్వశక్తిని కారులో అమరిన స్థితియందు కొలుచు నికరపద్ధతి రాగా, అంకెలు ఒక్కసారిగా కుంగినవి. 1973 నాటి చమురు సంక్షోభమునకు కొంచెము ముందుగా వెలువడిన 1974 నమూనాకు వి8 అసలే లేదు; నాలుగు సిలిండర్ల ఇంజనుతోను, వి6 తోను అది వచ్చినది. మరుసటి యేడు వి8 తిరిగి ప్రవేశించినది. 2011 నమూనాతో వచ్చిన 3.7 లీటర్ల వి6 305 అశ్వశక్తులను ఉత్పత్తి చేయుచు, స్వయంచాలక గేరుబాక్సుతో రాజమార్గముపై అమెరికా గ్యాలనుకు 31 మైళ్లు, అనగా లీటరుకు సుమారు 13 కిలోమీటర్లు, నడచుననిపించుకొన్నది. నాటి 5 లీటర్ల వి8 శక్తి 412. పూర్వపు 271 స్థూల అశ్వశక్తులను ఒక ఆరు సిలిండర్ల ఇంజను నికరముగనే మించిపోయిన ఆ వేళ, ఆవశ్యకత యను మాట వి8 పక్షమునుండి తొలగి, ధ్వనియు స్వభావమును మాత్రమే దానికి ఆధారములుగా మిగిలినవి. అవి అల్పమైన ఆధారములని మాత్రము అనరాదు. క్రీడాశైలి కారును కొనుటయే హృదయమునకు సంబంధించిన విషయము గదా! పిమ్మట టర్బో అమరిన 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల యంత్రము 310 అశ్వశక్తులతో 2015లో వచ్చి వి6 స్థానమును ఆక్రమించుటచే, 2018 నమూనానుండి ఆరు సిలిండర్ల మస్టాంగు అంతరించినది. 2016లో మస్టాంగు భారతదేశమున తొలిసారిగా అధికారికముగా విక్రయమునకు వచ్చినప్పుడు ఢిల్లీలో ఎక్స్-షోరూము ధర సుమారు 65 లక్షల రూపాయలు. వచ్చినది వి8 ఒక్కటియే గాన, ఎన్నిక యను ప్రసక్తియే లేకపోయినది.

పాతకార్లను సేకరించువారికి ఈ ఎన్నిక నేటికిని సజీవము. తక్కువ ధరకు ఆరు సిలిండర్ల పాత మస్టాంగును కొని, అందు వి8 ను దింపుకొందమను ఆలోచన పలువురకు కలుగును. ఇంజనును దింపుట అందు సులభమైన భాగము. బ్రేకులు, చక్రములు, ఇరుసు, స్ప్రింగులు, స్టీరింగు కడ్డీలు, రేడియేటరు వరుసగా మార్చినగాని పని ముగియదు. అప్పటికి వ్యయము పెక్కుసార్లు కర్మాగారపు వి8 కారు ధరనే దాటును. బ్రేకులను మార్చక ఇంజనును మాత్రము మార్చిన కారు ప్రమాదకరము. ఇట్టి మార్పును కనుగొనుటకు కారు సంఖ్యలోని ఐదవ అక్షరమును చూడవలెను. 1965, 1966 నమూనాలలో టి యున్నచో అది ఆరు సిలిండర్లతో పుట్టిన కారు. సి, ఎ, కె యున్నచో 289 అంగుళముల వి8 తో పుట్టినది, వీనిలో కె యనునది 271 అశ్వశక్తుల యంత్రమునకు గుర్తు. టి అక్షరము గల కారు మూతక్రింద వి8 కనబడినచో, విలువ కట్టుటకు ముందు చక్రపు బోల్టులను లెక్కింపవలెను.