చిల్లులో దొరికే సాక్ష్యం

మసాచుసెట్స్‌లోని బ్రిమ్‌ఫీల్డ్‌లో 1959 నుంచి పాత వస్తువుల సంత జరుగుతోంది. అక్కడి బల్లల మీద జపాన్ కత్తుల త్సుబాలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. అలుగుకీ పిడికీ మధ్య, చెయ్యి పదును మీదికి జారకుండా అడ్డుండే లోహపు బిళ్ళ త్సుబా. అరచేతిలో ఇమిడిపోతుంది. కంసాలి ఇంట్లో పుట్టినవాణ్ణి, అందుకే బిళ్ళ మీది కొంగ బొమ్మ కన్నా ముందు ఉలి జాడ వెతుకుతాను.

కత్తుల్లేని ఈ బిళ్ళలు అమెరికాకి ఎలా వచ్చాయి? 1876 మార్చిలో జపాన్ మెయిజీ ప్రభుత్వం సామురాయిలు కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. తరతరాలుగా కత్తి సామగ్రి మీదే బతికిన పనివాళ్ళ నోటి దగ్గర కూడు పోయింది. కానో నత్సువో వంటి మహా పనివాడికి అంతకుముందే కొత్త నాణేల నమూనాలు చెక్కే పని దొరికింది. అందరికీ ఆ దారి దొరకలేదు. పాత బిళ్ళలు విడివిడిగా విదేశీయుల చేతుల్లోకి వెళ్ళాయి. 1882లో జపాన్ వెళ్ళి ఏడేళ్ళు ఉండిపోయిన బోస్టన్ వైద్యుడు విలియం స్టర్జిస్ బిగెలో త్సుబాలతో సహా తన సేకరణను 1911లో బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియానికి ఇచ్చేశాడు. నకలు పట్టడం నేర్చుకోదలచినవాళ్ళు ముందు అక్కడి అసలువి కళ్ళారా చూడాలి. 1945 తర్వాత అమెరికన్ సైనికులు తెచ్చుకున్న కత్తులతో మరికొన్ని వచ్చాయి. వాటిలో చాలావాటికి సైన్యం కోసం మూకుమ్మడిగా తయారైన బిళ్ళలే ఉండేవి. కాబట్టి "మా తాత యుద్ధం నుంచి తెచ్చాడు" అన్న మాట నిజమే అయినా బిళ్ళ పాతదని రుజువు కాదు.

గిరాకీ ఉన్నచోటికి పోత సరుకు వస్తుంది. అసలు బిళ్ళనే అచ్చుగా ఒత్తి, ఆ గుంటలో లోహం పోస్తారు. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది. 80 మిల్లీమీటర్ల ఇత్తడి బిళ్ళ దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. అసలుదాని మీది గీతలూ సొట్టలూ మాత్రం నకలులోకి దిగిపోతాయి. ఒకే చోట ఒకే గీత ఉన్న రెండు బిళ్ళలు కనిపిస్తే కనీసం ఒకటి పోతదే.

నా మటుకు నేను మొదట నడిమి చిల్లు చూస్తాను. అలుగు తోక దూరేది అందులోంచే. కత్తి కదలకుండా బిగించడానికి పనివాడు చిల్లు అంచున ఉలితో కొట్టి లోహాన్ని లోపలికి నెట్టేవాడు. ఆ దెబ్బలు వాడిగా, ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. కొన్నిటికి పైనా కిందా రాగి ముక్కలు ఇరికించి ఉంటాయి. పోతలో ఆ దెబ్బల అంచులు మొద్దుబారి, నాకేసిన బెల్లం ముక్కలా నునుపుదేరతాయి. తర్వాత, నడిమి చిల్లు పక్కన వేరే చిల్లులుంటే వాటి లోపలి గోడలు చూడాలి. అసలుదైతే ఆకురాయి గీతలు దొరకవచ్చు. పోతదైతే సూదిమొనంత బుడగ గుంటలు, అచ్చు రెండు సగాలూ కలిసిన గీటు బయటపడతాయి. అమ్మేవాళ్ళు ఫొటో తీసేది ముఖాన్ని. ఈ గోడల్ని ఎవరూ చూపించరు.

బిళ్ళ మీద పనివాడి సంతకం ఉంటే అదీ అంతే. ఉలి కొట్టిన అక్షరం అంచున లోహం కాస్త లేస్తుంది, అడుగు వాడిగా తెగుతుంది. పోసిన అక్షరం అడుగు గుండ్రంగా ఉంటుంది. గోటితో మీటి మోత వినమంటారు కొందరు. ఆ ఒక్క పరీక్షనే నేను నమ్మను. అయస్కాంతమైతే పోత ఇనుముకీ అతుక్కుంటుంది, కొట్టి చేసిన ఇనుముకీ అతుక్కుంటుంది.

చివరగా ఒక మనవి. అసలుది మీ చేతికొస్తే చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి పాలిష్ వేటితోనూ తోమకండి. ఇనుము మీది ఆ నల్లటి గోధుమ పొర పనివాడు కావాలని పట్టించింది. ఒకసారి పోతే తిరిగి రాదు. మెత్తటి పొడిబట్టతో తుడిచి, తేమ తగలకుండా దాచండి, చాలు.