తొమ్మిది ఓట్ల మడత

1989 డిసెంబరంతా అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒకటే మాట: తొమ్మిది. కాటా దగ్గరా అదే, టీ బడ్డీ దగ్గరా అదే. లోక్‌సభకు కాంగ్రెస్ తరఫున నిలబడ్డ కొణతాల రామకృష్ణ, తెలుగుదేశం సిట్టింగ్ ఎంపీ అప్పలనరసింహం మీద సరిగ్గా తొమ్మిది ఓట్లతో గెలిచారు. లక్షల ఓట్లు పోలైతే తేడా తొమ్మిది. ఉమ్మడి కాపురమున్న ఒక్క ఇంట్లో అంతమంది ఉంటారు.

ఢిల్లీలోనూ ఆ ఏడు ఎవరికీ మెజారిటీ రాలేదు. కాంగ్రెస్‌కు 197, జనతాదళ్‌కు 143. డిసెంబరు 2న వి.పి. సింగ్ ప్రధాని అయ్యారు. ఆయన వెనకున్న నేషనల్ ఫ్రంట్‌కు ఛైర్మన్ మన ఎన్టీ రామారావే. సొంత రాష్ట్రంలో మాత్రం 42 సీట్లలో 39 కాంగ్రెస్‌కి పోయి, ఆయన పార్టీకి రెండే మిగిలాయి. మూడోది దక్కకుండా చేసినవి మా తొమ్మిది ఓట్లు.

ఇక విశ్లేషణలకు కొదవా? చెరకు నరకడానికి పోయిన కూలీలు తిరిగి రాలేదని ఒకరు, పద్దెనిమిదేళ్లకే ఓటు రావడంతో కుర్రాళ్లు తారుమారు చేశారని ఇంకొకరు. ఆ తొమ్మిదీ మా వీధివేనని చెప్పని వీధి లేదు. నేను మాత్రం ఆ రోజూ ఈ రోజూ ఒకటే చెబుతాను. చెల్లకుండా పోయిన ఓట్ల సంగతి చూడండి. తొమ్మిదెక్కడ, అవెక్కడ! వేలల్లో ఉంటాయవి.

అప్పుడు నేను బడిపంతుల్ని. ఆ ఎన్నికలో పోలింగ్ డ్యూటీ పడింది. పార్లమెంటుకు తెల్ల బ్యాలెట్, అసెంబ్లీకి గులాబీది. కాగితం చేతికిచ్చే ముందు మడత చూపించాలి: ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. నిలువుగా మడిస్తే తడి సిరా అంటుకున్నా అదే అభ్యర్థి గడిలో అంటుకుంటుంది. అడ్డంగా మొదలుపెడితే ఇంకొకడి గుర్తు మీద పడుతుంది.

ఒక మామ్మ అట్టపెట్టె చాటుకు వెళ్లి ఎంతకీ రాదు. చివరికి లోపల్నుంచే కేకేసింది.

"బాబూ, ముందు ఎటు మడిచీమన్నావు?"

"నిలువుగా మామ్మా, చీర మడత పెట్టినట్టు. కాస్త ఆరనిచ్చి మడువు."

ఉఫ్ ఉఫ్‌మని ఊదిన చప్పుడు మాకు వినిపించింది. ఆమె వెనక వరస గుమ్మం దాటి వేపచెట్టు దాకా ఉంది. అయినా ఎవరూ విసుక్కోలేదు. ఓటు పాడవకూడదని ఆమెకున్న ఆరాటం నేను మరవలేను.

1952లో ఈ బాధ లేదు. అభ్యర్థికో పెట్టె, దాని మీద గుర్తు, నచ్చిన పెట్టెలో కాగితం వేయడమే. కాగితం మీద ముద్ర వేసే పద్ధతి 1962 నాటికి దేశమంతా వచ్చింది. దానితోపాటే సిరా మరకల తగువూ వచ్చింది. స్వస్తిక్ లాంటి బాణాల ముద్ర అందుకే. మడతలో అంటుకున్న ముద్ర అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. దాని కొమ్ములు ఎటు తిరిగాయో చూస్తే ఏది వేసిన ముద్రో, ఏది అంటిన మరకో తెలిసిపోతుంది. దీన్ని ఆలోచించిన వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ అలుక్కుపోయిన ముద్రకు కొమ్ములెక్కడివి? రెండు గడుల మధ్య గీత మీద పడితే ఎవరిదని చెప్పాలి? కౌంటింగ్ టేబుల్ దగ్గర ఏజెంట్లు గొంతు చించుకునేది అలాంటి కాగితాల కోసమే.

1998లో జార్ఖండ్ ప్రాంతంలోని రాజ్‌మహల్‌లోనూ తొమ్మిది ఓట్లతోనే సోమ్ మరాండీ గెలిచారు. కొణతాల 1991లో మళ్లీ నెగ్గారు. 2004కు మన రాష్ట్రమంతా ఓటింగ్ మిషన్లు వచ్చాయి, మడత గొడవ తీరింది.

తీరిందని ఊరుకోవద్దు. పంచాయతీ ఎన్నికల్లో ఇప్పటికీ కాగితమే, ఆ బాణాల ముద్రే. సర్పంచులు ఒక్క ఓటుతో గెలిచిన ఊళ్లున్నాయి. మన ఉద్యోగుల పోస్టల్ బ్యాలెట్లు డిక్లరేషన్ మీద సంతకం లేక ఎన్ని పక్కన పడుతున్నాయో డ్యూటీ చేసిన ప్రతివాడికీ తెలుసు. పదిమందికి మడత నేర్పిన మనమే మన ఓటు పాడుచేసుకోవడం తప్పు. మాస్టార్లూ, కవరు అంటించే ముందు ఇంకోసారి చూసుకోండి. ఊళ్లో పెద్దవాళ్లకు నిలువు మడత మీరే నేర్పండి.