నేలకు అంటుకున్న పాత పొర: లినోలియం చరిత్ర, దాని దుమ్ము



"మా అబ్బాయి న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నాడు. నేల మీద ఏదో పాత షీటు అతికించి ఉంది, దాని కింద ఓకు చెక్క ఉందట. తానే గీకి తీసేస్తానంటున్నాడు, పరవాలేదా డాక్టరుగారూ?" నల్లగొండ, పాలమూరు ప్రాంతాల తల్లిదండ్రుల నుండి ఇటువంటి ప్రశ్నలు నాకు తరచుగా వస్తున్నాయి. మన వైపు చెక్క నేల అరుదు. పేదల ఇళ్ళలో ఎర్రమన్నుతో, పేడతో అలికిన నేల, కలిగినవారి ఇళ్ళలో షాబాదు, తాండూరు బండలు. గడీల పైఅంతస్తులలో దూలాల మీద పలకలు పరచినా, వాటిపై మట్టీ సున్నమూ దట్టించేవారు. బండ చవక, చెక్కకు చెదల భయం. అందుచేత ఆ షీటు సంగతి మనకు కొత్తగానే తోస్తుంది.

లినోలియం పుట్టుక ఆసక్తికరమైనది. ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ వాల్టన్, రంగు డబ్బాలో అవిసె నూనె పైన రబ్బరువంటి మీగడ కట్టడం గమనించాడు. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని గట్టిపడుతుంది. దానికి బెండు పొడి, కొయ్య పొడి కలిపి జనపనార గుడ్డపై దట్టంగా పరచి, 1863లో పేటెంటు పొందాడు. లాటిన్‌లో 'లైనమ్' అంటే అవిసె, 'ఓలియం' అంటే నూనె. బెంగాలు జనపనార స్కాట్లండు మిల్లులకు చేరి, ఈ పరుపుకు వెన్నుగుడ్డగా మారింది. అవిసెలు మన నిజాం రాజ్యంలోనూ పండేవి. మన జిల్లాల ఆముదం మాత్రం తనంతట తాను ఎండే నూనె కాదు. దాని అణువులోని నీటి భాగాన్ని తొలగిస్తే అదీ అవిసె నూనెవలె ఎండుతుంది, రంగుల పరిశ్రమ ఆ విధంగా దానిని వాడుకున్నది.

అవిసె నూనె, బెండు, కొయ్య, జనపనార: వీటిలో భయపడవలసినది ఏదీ లేదు. చిక్కు తరువాత వచ్చింది. చవకగా, అగ్నికి తట్టుకొనేట్లు చేయాలన్న తాపత్రయంలో, ఇరవయ్యవ శతాబ్దంలో అమెరికా కర్మాగారాలు నేల పలకలలోనూ, కొన్ని షీట్ల వెనుక అట్టలోనూ, అంటించే నల్లని తారు జిగురులోనూ రాతినారను, అంటే ఆస్బెస్టాస్‌ను కలిపాయి. 1980ల దాకా ఈ వాడుక సాగింది. తొమ్మిది అంగుళాల చదరపు పలకలు కనబడితే అనుమానం మరింత బలపడాలి. జనం వాడుకలో ఇవన్నీ 'లినోలియం'గానే చెలామణి అవుతాయి కనుక, పేరు చూసి ఏదీ తేలదు.

రాతినార పలకలో బిగిసి ఉన్నంతకాలం హాని తక్కువ. గీకినా, అరగదీసినా, విరగగొట్టినా కంటికి కనిపించని నూలుపోగులుగా గాలిలో తేలుతుంది. ఊపిరితిత్తుల అడుగున చేరిన ఆ పోగులను శరీరం కరిగించలేదు. 1960లో వాగ్నర్, ఆయన సహచరులు దక్షిణాఫ్రికాలో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సరు ముప్పైమూడు మందిలో కనబడిందని ప్రకటించారు. వారిలో గనిలో పనిచేయనివారు, చిన్నతనంలో గనుల దగ్గర నివసించినవారు కూడా ఉండడం వైద్యలోకాన్ని కలవరపెట్టింది. దుమ్ము పీల్చిన ఇరవై, నలభై ఏళ్ళకు గాని వ్యాధి బయటపడదు. ధూమపానం తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఈ కథ మనకు దూరమైనదేమీ కాదు. పులివెందులలో రాతినార గనులు ఉండేవి. 1946లో స్థాపించిన హైదరాబాదు ఆస్బెస్టాస్ సిమెంటు సంస్థ రేకులే మన ఊళ్ళలో గోడల మీదికి ఎక్కాయి. 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుండి కనీసం 40 ఏళ్ళు, లేదా విరమణ తరువాత 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. ఆ నలభై ఏళ్ళ గడువులోనే వ్యాధి స్వభావం ఇమిడి ఉంది. అయినా మన దేశంలో దిగుమతి రాతినారతో రేకుల తయారీ నిలిచిపోలేదు. అమెరికా 1989లో నిషేధించబోతే 1991లో న్యాయస్థానం చాలావరకు కొట్టివేసింది. తెల్ల రాతినారను నిషేధించడానికి 2024 దాకా పట్టింది.

ఇప్పుడు మీ అబ్బాయి ప్రశ్నకు వద్దాం. అనుమానం ఉన్న పొరను తాకక మునుపే ఒక చిన్న ముక్కను తడిపి, కవరులో మూసి ప్రయోగశాలకు పంపమనండి. రాతినార ఉందని తేలితే రెండే దారులు: దాని మీదనే కొత్త నేల వేయించడం, లేదా లైసెన్సు ఉన్నవారి చేత తీయించడం. మామూలు సర్జికల్ మాస్కు దీనికి పనికిరాదు. లేదని తేలితే, పాత లినోలియం జిగురు వేడినీటికి లొంగుతుంది. తడిపిన తువ్వాళ్ళు కాసేపు కప్పి, వెడల్పాటి పుట్టీ కత్తితో కొద్దికొద్దిగా ఎత్తాలి. ఎక్కువ నీళ్ళు పోస్తే ఓకు పలకలు ఉబ్బి వంగుతాయి. జిగురు పోవడానికి పెట్రోలు, కిరోసిను వాడకూడదు. ఒక్క నిప్పురవ్వ చాలు ఇల్లు తగలబడడానికి. అమెరికాలో 1978కి ముందు కట్టిన ఇల్లయితే చెక్క మీది పాత రంగులో సీసం ఉండవచ్చు. అది పసిపిల్లల మెదడుకు శత్రువు. సాండింగ్ యంత్రం ఆన్ చేయక మునుపే ఆ పరీక్షా చేయించాలి.

ఇక్కడ ఉన్న మీకూ ఒక మాట. బండల మీద అతికించిన ప్లాస్టిక్ షీటు ఊడదీసి, జిగురు పోవడానికి మేస్త్రీలు పొడి గ్రైండరు పట్టిస్తారు. గది నిండా తెల్లని పొగ. గ్రానైటు, మొజాయిక్ నేలల దుమ్ములో సిలికా ఉంటుంది. షాద్‌నగర్ పరిసరాల పలుగురాయి పొడి మిల్లులలో కూలీలను బలిగొన్న సిలికోసిస్‌కు కారణం ఆ సిలికాయే. ఒక్క రోజు పనితో మీ ఇంటివారికి ఆ జబ్బు రాదు గాని, రోజూ అదే పని చేసే ఆ పిల్లవాడి సంగతి వేరు. రాయిని తడుపుతూ పట్టమనండి. బురద అవుతుందని వాళ్ళు సణుగుతారు, సణగనివ్వండి. దుమ్మును చీపురుతో ఊడవవద్దు, తడిబట్టతో తీయించండి. ఉబ్బసం ఉన్నవారిని, చంటిబిడ్డలను ఆ రెండు రోజులు బంధువుల ఇంటికి పంపండి.