దయ్యం ఏ భాష మాట్లాడాలి? - భయానక చిత్రాల చరిత్రలో ప్రేక్షకుల పాత్ర

నవ్వించడం కన్నా భయపెట్టడం సులభమని లోకంలో ఒక అభిప్రాయం ఉన్నది. సినిమాలు తీసినవారు ఆ మాట ఒప్పుకోరు. నవ్వు ఒకరిని చూచి మరొకరికి అంటుకొంటుంది. భయం ఎవరిది వారిదే. తాతగారు దేనికి ఉలిక్కిపడతారో దానికి మనుమడు పకపకా నవ్వుతాడు. మనుమడు దుప్పటి ముసుగు పెట్టుకొనే దృశ్యానికి తాతగారు ఆవులిస్తారు. మన సంఘంలోని కళాశాల విద్యార్థులు పదిహేను నిమిషాల దయ్యాల చిత్రం ఒకటి తీయ సంకల్పించారు గనుక ఈ సంగతి ఇప్పుడు ప్రస్తావించవలసి వచ్చింది. కథ వ్రాసుకొన్నారు. పాడుపడిన బంగళా ఒకటి చూచుకొన్నారు. కెమేరా మాట చెప్పనక్కరలేదు, నేడు ప్రతి జేబులోనూ ఒకటున్నది. ఇక ఈ చిత్రం ఎవరి కోసమన్నది మాత్రం తేలలేదు. అందరి కోసమూ అంటున్నారు. భయానక చిత్రాల చరిత్ర కొంత తిరగవేసి చూస్తే, ఆ జవాబుతో గట్టెక్కినవారు బహు కొద్దిమంది అని తెలుస్తుంది.

భయానకాన్ని నాట్యశాస్త్రంలో భరతుడే రసాల లెక్కలో చేర్చాడు. మన హరికథల్లోనూ తోలుబొమ్మలాటల్లోనూ రాక్షసుడు రానిదే రాత్రి గడిచేది కాదు. కాని తెరమీది భయానికి పుట్టిల్లు జర్మనీ దేశం. 1920లో 'డాక్టర్ కాలిగరీ' చిత్రం, 1922లో 'నోస్ఫెరాటు' వచ్చాయి. రెండవది బ్రామ్ స్టోకర్ వ్రాసిన 'డ్రాకులా' నవలను అనుమతి లేకుండా వాడుకొన్నది. రచయిత భార్య కోర్టుకెక్కి, ప్రతులన్నీ తగులబెట్టవలసిందని తీర్పు సంపాదించింది. అయినా కొన్ని ప్రతులు మిగిలాయి. రక్తం పీల్చే దయ్యాన్ని చంపడం కోర్టులకు కూడా సాధ్యం కాలేదన్నమాట!

మన వంటి ప్రవాసులకు ఇంతకన్నా రుచించే కథ 1931 నాటిది. అమెరికాలో యూనివర్సల్ కంపెనీవారు అదే 'డ్రాకులా'ను టాకీగా తీశారు. పగలు టాడ్ బ్రౌనింగ్ దర్శకత్వంలో బేలా లుగోసీ ఇంగ్లీషులో నటించేవాడు. సాయంకాలం ఆ బృందం ఇళ్ళకు వెళ్ళగానే అవే సెట్లలోకి మరొక బృందం దిగేది. తెల్లవారే వరకు అదే కథను స్పానిష్ భాషలో తీసేవారు. దర్శకుడు జార్జ్ మెల్ఫోర్డు, డ్రాకులా వేషం కార్లోస్ విల్లారియాస్‌ది, నాయిక లుపీటా తోవార్. మాటలు మార్చి అతికించే విద్య అప్పటికి కుదురుకోలేదు గనుక, స్పానిష్ మాట్లాడే జనానికి వేరే చిత్రమే తీయవలసి వచ్చింది. రాత్రి బృందంవారు పగటివారి పనిని చూచి, అంతకన్నా బాగా తీయాలని పట్టుపట్టారట. వారి చిత్రం సుమారు అరగంట ఎక్కువ నిడివితో వచ్చింది. కెమేరా పనితనంలో రాత్రి చిత్రమే మిన్న అని నేడు చాలామంది విమర్శకుల మాట. లోకం మాత్రం దానిని కొన్ని దశాబ్దాలు మరచిపోయింది. ఒక భాగం పాడైపోగా, క్యూబాలో దొరికిన ప్రతి నుండి పూరించుకొనవలసి వచ్చింది.

చెన్నపట్నం తెలుగువారికి ఇది కొత్త సంగతిగా తోచదు. మన విజయా వారు 1951లో 'పాతాళభైరవి'ని, 1957లో 'మాయాబజార్'ను తెలుగు తమిళాలు రెంటిలోనూ తీశారు. తెలుగు అభిమన్యుడు అక్కినేని అయితే తమిళ అభిమన్యుడు జెమినీ గణేశన్. రేలంగి చోట తంగవేలు. ఘటోత్కచుడు మాత్రం రెండు భాషల్లోనూ ఎస్.వి. రంగారావుగారే. ప్రేమకూ నవ్వుకూ ఎవరి ముఖం వారికి కావలసి వచ్చింది కాని, ఆ భీకరాకారాన్ని ఇరుగుపొరుగులిద్దరూ సమానంగా పంచుకొన్నారు. 1967లో ఏవీఎం వారు 'అవే కళ్ళు' తీసినప్పుడు కూడా ముసుగు హంతకుని కథ రెండు భాషల్లో నడిచింది.

ఇక పిల్లల మాట. బ్రిటన్‌లో 1932లోనే ఇటువంటి చిత్రాలకు 'హెచ్' అనే గుర్తు పెట్టి తల్లిదండ్రులను హెచ్చరించేవారు. మన దేశంలో 1949 సవరణతో అందరూ చూడదగినవి 'యూ' అనీ, పెద్దలకు మాత్రమే తగినవి 'ఏ' అనీ విభజన వచ్చింది. 1983లో మధ్యస్థంగా 'యూఏ' చేరింది. 2024 నుండి దానిని మళ్ళీ ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు మెట్లు చేశారు. ఈ మెట్లు ఎందుకు అవసరమో తెలుసుకొనాలంటే 1968లో అమెరికాలో జరిగినది వినాలి. పిట్స్‌బర్గ్ నగరంలో ప్రకటన చిత్రాలు తీసుకొనే జార్జ్ రొమేరో అనే యువకుడు, మిత్రులతో కలిసి సుమారు 1,14,000 డాలర్లతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీశాడు. నెత్తురుకు బదులు చాక్లెట్ పాకం వాడుకొన్నారు. నలుపు తెలుపు చిత్రం గనుక చెల్లిపోయింది. శవాలు లేచి మనుష్యులను తినే కథ. అమెరికాలో వయస్సునుబట్టి చిత్రాలను విభజించే పద్ధతి ఆ యేడు నవంబరులో మొదలైంది. ఈ చిత్రం అంతకు ముందే అక్టోబరులో విడుదలై, చాలా ఊళ్ళలో పిల్లలు చూచే మధ్యాహ్నపు ఆటల్లో పడింది. రోజర్ ఎబర్ట్ అనే చికాగో విమర్శకుడు 1969 జనవరిలో ఆ హాలు వర్ణించాడు. మొదట కేకలు వేస్తూ సరదాగా చూచిన పిల్లలు పోను పోను మౌనమైపోయారట. తొమ్మిదేళ్ళుండవచ్చునన్న ఒక పాప కదలకుండా కూర్చుని ఏడుస్తున్నదట. ఆయన తప్పు పట్టినది చిత్రాన్ని కాదు, ఏ వాకబూ లేకుండా పిల్లలను లోపలికి పంపినవారిని. చిత్రం గొప్పదే. నేటికీ గొప్పదే. పీటలు తప్పాయి, అంతే.

మన ఉగాది సభలో ముందు వరుసలో ఎవరు కూర్చుంటారో మనకందరకూ తెలుసు. జంపఖానా మీద పట్టులంగాల పిల్లలు.

డబ్బు లేనివారు భయాన్ని ఎలా పుట్టించారన్నది మన విద్యార్థులకు పనికివచ్చే మరొక అధ్యాయం. 1942లో ఆర్.కె.ఓ. కంపెనీవారు వాల్ ల్యూటన్ అనే నిర్మాతకు మూడు షరతులు పెట్టారు. చిత్రం ఖర్చు లక్షా యాభై వేల డాలర్లు దాటరాదు. నిడివి డెబ్బది అయిదు నిమిషాలు మించరాదు. పేరు కంపెనీవారు పెడతారు. అలా ఇచ్చిన మొదటి పేరు 'క్యాట్ పీపుల్'. ఆ పేరు విని మరొకరైతే నటునికి పిల్లి తొడుగు తొడిగి ఉండేవారు. ల్యూటన్, దర్శకుడు జాక్ టూర్నర్ కలిసి నీడలతో పని నడిపించారు. రాత్రి వేళ ఒక స్త్రీ ఒంటరిగా నడుస్తుంటుంది. వెనుక అడుగుల చప్పుడు వినిపించి ఆగిపోతుంది. చిరుత గుర్రుమన్నట్లు ఒక ధ్వని. తీరా చూస్తే బస్సు వచ్చి ఆగింది! అటువంటి ఉపాయానికి సినిమావారు నేటికీ 'ల్యూటన్ బస్సు' అనే పేరు వాడుతున్నారు. దీనికి ఖర్చు ఏపాటి? బస్సు ఛార్జీయే కాబోలు.

విలియం క్యాజిల్ అనే ఆయన దారి వేరు. 1958లో తన 'మకాబ్ర్' చూస్తూ భయంతో ఎవరైనా చనిపోతే వెయ్యి డాలర్లు చెల్లేటట్లు భీమా చేయించి, దానినే ప్రకటన చేసుకొన్నాడు. తెరమీద లేని భయాన్ని టిక్కెట్టు మీద అచ్చువేయడం వ్యాపారమే కాని, కుర్రవాళ్ళు నేర్చుకొనవలసిన విద్య కాదని మా ఉద్దేశం.

విద్యార్థి దశలో తీసిన భయానక చిత్రం అనగానే మిషిగన్ రాష్ట్రపు శామ్ రైమీని తలవవలసి ఉన్నది. 1978లో అతడు, బ్రూస్ క్యాంబెల్, రాబర్ట్ టాపర్ట్ అనే మిత్రులతో కలిసి 'విథిన్ ది వుడ్స్' అనే అరగంట చిత్రం తీశాడు. ఖర్చు సుమారు 1,600 డాలర్లు. దీని ప్రేక్షకులెవరు? సామాన్య జనం కారు. పళ్ళ డాక్టర్లు, వకీళ్ళు, ఊళ్ళోని చిన్న వ్యాపారులు. పెద్ద చిత్రానికి పెట్టుబడి పెట్టగలవారికి, 'మీ సొమ్ము వృథా కాదు' అని నమ్మకం కలిగించడమే దాని పని. ఆ పని అది నెరవేర్చింది. 1981లో 'ది ఈవిల్ డెడ్' వెలువడింది. చిన్న చిత్రానికి ప్రేక్షకుడు ఎవరో ఇంత కచ్చితంగా తెలిసి తీసినవారు అరుదు.

మన దేశంలో ఇంతకు ఇంతటివారు రామ్సే సోదరులు. వీరు మనవంటి వలస కుటుంబీకులే. తండ్రి రామ్‌సింఘానీ కరాచీలో రేడియోల వ్యాపారి. 1947 విభజనతో బొంబాయి చేరాడు. 1970లో ఆయన తీసిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' ఆడలేదు. కాని కుమారులు హాలుకు వెళ్ళి తెర వైపు కాక జనం వైపు చూచారు. పృథ్వీరాజ్ కపూర్ వికృతమైన ముసుగు వేసుకొని మ్యూజియంలో దొంగతనానికి దిగే దృశ్యం వచ్చేసరికి జనం నిటారుగా లేచి కూర్చొంటున్నారు. మిగిలిన కథ వారికి అక్కరలేదు. 'అయితే ఆ దృశ్యమే చిత్రమంతా తీద్దాం' అనుకొన్నారు. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చింది. కుటుంబం యావత్తూ మహాబలేశ్వరంలో మకాం పెట్టింది. ఒక అన్నదమ్ముడు కెమేరా, ఒకడు శబ్దం, ఒకడు కథ, ఇద్దరు దర్శకత్వం. పెద్ద నగరాల పెద్దమనుష్యులు ముక్కు విరిచారు. చిన్న ఊళ్ళ రెండవ ఆట జనం హాళ్ళు నింపారు. వారి కోసమే తీశామని ఆ సోదరులు ఎన్నడూ దాచుకోలేదు. మాకు ఆ చిత్రాలలోని మోటుదనం నచ్చదు. ఆ నిజాయితీ మాత్రం నచ్చుతుంది.

కుటుంబాలు చూచే చిత్రాల దయ్యం మరొక రకం. 1949 నాటి 'మహల్'లోనూ, 1964 నాటి 'వో కౌన్ థీ'లోనూ తెల్లచీర దయ్యం చివరకు మానవమాత్రురాలే అని తేలుతుంది. ఈ రెండవ కథ 1966లో తమిళంలో 'యార్ నీ'గా, తెలుగులో 'ఆమె ఎవరు'గా వచ్చినప్పుడు రెంటిలోనూ జయలలితే నాయిక. దయ్యం లేదని ఆఖరి రీలులో తేల్చి చెప్తే, తల్లులు పిల్లల చేయి పట్టుకొని నిశ్చింతగా ఇంటికి నడిచేవారు. తెలుగు తెరమీద ఆ హామీ ఇవ్వకుండా నిజమైన దయ్యాన్నే నిలబెట్టిన చిత్రాలలో 1992 నాటి రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి'ని ముందుగా చెప్పుకొనాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. 1993లో ఫాజిల్ దర్శకత్వంలో మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు' వచ్చింది. కేరళలోని పాత భవంతిలో ఆవహించే నాగవల్లి తంజావూరు నర్తకి. ఆమె మాట్లాడేది తమిళం. దానినే 2004లో పి. వాసు కన్నడంలో 'ఆప్తమిత్ర'గా తీసినప్పుడు ఆ నర్తకి తెలుగు మాట్లాడింది. ఆ వేషం వేసిన సౌందర్య, చిత్రం విడుదల కాకముందే ఆ యేడు ఏప్రిల్‌లో విమాన ప్రమాదంలో మరణించడం మన ఇళ్ళన్నింటినీ కలచివేసింది. 2005లో ఆయనే తమిళంలో 'చంద్రముఖి' తీశారు. అక్కడా ఆమె తెలుగు నర్తకియే, పాట తెలుగే. 2007లో హిందీలో 'భూల్ భులయ్యా' వచ్చేసరికి ఆమె బెంగాలీ అయింది. కథ ఎన్ని రాష్ట్రాలు తిరిగినా ఒక నియమం తప్పలేదు. దయ్యం పొరుగువారి భాషలో మాట్లాడాలి. పూర్తిగా తెలిసిన భాష భయపెట్టదు, బొత్తిగా తెలియని భాష విసుగు పుట్టిస్తుంది. సగం తెలిసీ తెలియని భాషే వెన్నులో చలి పుట్టిస్తుంది. కన్నడ సోదరులకూ తమిళ సోదరులకూ ఆ సగం తెలిసిన భాష మనదైంది. ఇందులో చిన్నబుచ్చుకొనవలసినదేమీ లేదు. నాట్యానికీ సంగీతానికీ తెలుగు అన్న పాత గౌరవమూ ఆ నర్తకి వెనుక ఉన్నది.

మా చింత వేరు. మన విద్యార్థులు వ్రాసుకొన్న కథలో నాయకుడూ మిత్రులూ ఇంగ్లీషు కలిపిన తమిళం మాట్లాడతారు. బంగళాలోని ముసలి దయ్యం ఒక్కతే తెలుగు మాట్లాడుతుంది. పిల్లలు దీనిని ఆలోచించి వ్రాయలేదు. వారి చెవికి అలా సహజంగా వచ్చింది. అందుకే మాకు కొంచెం భయం వేసింది. ఆ చిత్రంలో ఇంకా ఏ దృశ్యానికీ మేము అంత భయపడలేదు. చెన్నపట్నంలో మూడు తరాలుగా ఉన్న ఇళ్ళలో తెలుగు ఇప్పుడు నాయనమ్మలకూ అమ్మమ్మలకూ మిగిలిన భాష. జంపఖానా మీది పిల్లలకు అది సగం తెలిసిన భాష. అంటే పొరుగువారికి ఒకనాడు చంద్రముఖి తెలుగు ఎలా వినిపించిందో, మన పిల్లలకే నేడు మన తెలుగు అలా వినిపించవచ్చును. ఆ హాలులో తెలుగంటే దయ్యం మాట అని ఒక్క పసివాని మనస్సులో నాటుకొన్నా, తరువాత మనం ఎన్ని పద్యాల పోటీలు పెట్టినా ఏం లాభం?

కథ మానుకోమని మేము చెప్పడం లేదు. కథలో బలమున్నది. ప్రేక్షకులు ఎవరో ముందు నిశ్చయించుకొనమంటున్నాము. చిత్రోత్సవాలకు పంపి బహుమతి పొందడమే ఉద్దేశమైతే, ఉన్నది ఉన్నట్లే తీసి, మన సభలో ప్రదర్శించకుండా నేరుగా అక్కడికే పంపవచ్చును. రైమీ చేసినది అటువంటి పనియే. మన సభ కోసమైతే రెండు మార్పులు చాలును. దయ్యం చేత ఊళ్ళోని భాష మాట్లాడించండి, లేదా ల్యూటన్ లాగా అసలు మాట్లాడించకండి. గజ్జెల చప్పుడూ, గిలక మీద చేదతాడు కిర్రుమనడమూ చాలును. బంగళా రహస్యం తెలిసి పిల్లలను బయటికి తెచ్చే మనిషి ఒకరు కావాలి గదా. ఆ బామ్మ తెలుగు మాట్లాడాలి. ఆమె చెప్పే ఆనవాళ్ళు అర్థమైన పిల్లవాడికే తలుపు తెరుచుకొనాలి. ఈశాన్యపు మూల, దూలం కింద, రోలు పక్కన, అటక మీద అన్న మాటల్లో ఎన్ని మన పిల్లలకు తెలుసునో హాలులోనే తెలిసిపోతుంది. తెలియనివాడు పక్కనున్న నాయనమ్మ వైపు వంగి అడుగుతాడు. చిత్రం నడుస్తుండగా హాలులో ఆ గుసగుసలు వినిపిస్తే దర్శకుడు విసుగుకొనకూడదు.

రాత్రి షూటింగు గనుక బామ్మ వేషానికి డెబ్బయి దాటినవారిని అడగకపోవడం మంచిది.