జన్యువూ పరిస్థితీ: ఫ్రాన్స్వా జాకోబ్ కృషి

మన సాహిత్య చర్చల్లో 'పుట్టుక' అనే మాట వినగానే అభ్యుదయవాదులు ఉలిక్కిపడతారు. దానికి తగిన కారణమే ఉంది. పుట్టుకనుబట్టే బుద్ధి, పుట్టుకనుబట్టే వృత్తి అని తరతరాలుగా చెప్పినవాళ్ళు ఆ మాటతోనే కులాన్ని నిలబెట్టారు. అందుకే అనువంశికత గురించి శాస్త్రం ఏం చెప్పినా అది ఎదుటిపక్షం చేతికి ఆయుధమవుతుందేమోనని మనలో కొందరికి అనుమానం. మనిషిని తీర్చేది పరిస్థితులేననీ, జన్యువుల ఊసు మనకెందుకనీ తేల్చేస్తుంటారు. ఈ తేల్చివేత ఎంతవరకు సబబో చూడాలంటే, బాక్టీరియాలో అణగి ఉండే వైరస్ ద్వారా జన్యువుల నడవడిని అర్థం చేసుకున్న ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా జాకోబ్ జీవితాన్ని పరిశీలించాలి.

జాకోబ్ 1920లో నాన్సీ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. సర్జన్ కావాలని పారిస్‌లో వైద్యం చదువుతుండగా 1940 జూన్‌లో ఫ్రాన్స్ హిట్లర్ సేనలకు లొంగిపోయింది. ఇరవై ఏళ్ళ జాకోబ్ చదువు వదిలి, ఓడెక్కి ఇంగ్లండు చేరి, స్వేచ్ఛా ఫ్రెంచి సైన్యంలో చేరాడు. ఆఫ్రికా యుద్ధరంగాల్లో వైద్య విభాగంలో పనిచేశాడు. 1944 ఆగస్టులో నార్మండీలో బాంబుదాడికి గురై తీవ్రంగా గాయపడ్డాడు. ప్రాణం దక్కింది గాని, ఆ గాయాలతో సర్జన్ కావాలనే ఆశ అడుగంటింది. 1947లో వైద్యపట్టా పూర్తిచేసుకొని, ఏం చెయ్యాలో తోచక కొంతకాలం గడిపి, చివరికి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆంద్రే ల్వోఫ్ తలుపు తట్టాడు. చోటు లేదని ల్వోఫ్ ఒకటికి రెండుసార్లు తిప్పిపంపాడు. 1950లో చేర్చుకున్నాడు.

అప్పుడు ల్వోఫ్ ముందున్న చిక్కు ఇది. కొన్ని వైరస్‌లు బాక్టీరియాలో ప్రవేశించి, తమ సంతతిని పెంచుకొని, దాన్ని పగలగొట్టుకొని బయటికి వస్తాయి. మరికొన్ని మాత్రం లోపలికి పోయి ఊరకుండిపోతాయి. బాక్టీరియా మామూలుగా బతుకుతుంది, రెండుగా చీలుతుంది, ఆ అణగిన వైరస్‌ను తరతరాలకూ అందిస్తుంది. ఇలాంటి స్థితి ఒకటి ఉందంటేనే చాలామంది శాస్త్రజ్ఞులు నమ్మలేదు. అలాంటి బాక్టీరియాల మీద అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే కొద్దిసేపటికే అవి పగిలి లోపలి వైరస్‌లు బయటపడతాయని ల్వోఫ్ బృందం 1950లో రుజువుచేసింది. అంటే వైరస్ జన్యువులు అంతకుముందూ అక్కడే ఉన్నాయి. వాటిని పనిచెయ్యనీయకుండా ఏదో ఆపుతోంది. ఆ 'ఏదో' ఏమిటన్నదే జాకోబ్‌కు పరిశోధనాంశం అయింది.

అదే నడవాకు మరో కొసన జాక్ మోనో ప్రయోగశాల ఉంది. ఆయన సమస్య పైకి వేరుగా కనిపిస్తుంది. ఇ. కోలి అనే బాక్టీరియా, తిండికి పాలచక్కెర దొరికినప్పుడే దాన్ని అరిగించుకొనే ఎంజైమ్‌ను పెద్దఎత్తున తయారుచేస్తుంది. లేనప్పుడు దాదాపు మానేస్తుంది. పైపైన చూస్తే పరిస్థితి జీవి స్వభావాన్నే మార్చేసిందనిపిస్తుంది.

ఇక్కడ ఆనాటి రాజకీయాలు గుర్తుచేసుకోవాలి. 1948 ఆగస్టులో సోవియట్ వ్యవసాయశాస్త్రాల అకాడమీ సమావేశంలో లైసెంకో వాదమే అధికారిక సిద్ధాంతమయింది. పరిస్థితులు మారిస్తే అనువంశికత కూడా కోరినట్టు మారుతుందన్నాడాయన. జన్యుశాస్త్రాన్ని బూర్జువాశాస్త్రమని వెలివేశారు. అంతకుముందే, 1943లో, గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు వావిలోవ్ సరాటోవ్ జైలులో మరణించాడు. మోనో నాజీ వ్యతిరేక ప్రతిఘటనోద్యమంలో పోరాడినవాడు, ఆ రోజుల్లో కమ్యూనిస్టు పార్టీలో చేరినవాడు కూడా. లైసెంకో వాదం ఆయన భావాలకు అనుకూలంగా వినిపించవలసిందే. అయినా 1948 సెప్టెంబరులో 'కోంబా' పత్రికలో దాన్ని బాహాటంగా ఖండించాడు. తన ఆశయానికి నచ్చినంత మాత్రాన ఒక సిద్ధాంతం సత్యమైపోదని ఆయన గ్రహించాడు.

మాటతో ఖండించడం ఒక ఎత్తు, ప్రయోగంతో తేల్చడం మరో ఎత్తు. బాక్టీరియాలు కలిసినప్పుడు ఒకదాని జన్యువులు మరొకదానిలోకి వెళతాయి. జాకోబ్, ఎలీ వోల్‌మన్ ఈ కలయికను పరిశీలించి, అణగి ఉన్న వైరస్ జన్యువులు వైరస్ లేని బాక్టీరియాలోకి వెళ్ళగానే విజృంభిస్తాయని గమనించారు. తర్వాత పార్డీ, జాకోబ్, మోనో ముగ్గురూ కలిసి పాలచక్కెర జన్యువుతోనూ ఇలాంటి ప్రయోగమే చేశారు. ఆ జన్యువు కొత్త కణంలోకి వెళ్ళగానే, చక్కెర లేకపోయినా, ఎంజైమ్‌ను తయారుచేసింది. కొంతసేపయాక ఆపేసింది. అంటే జన్యువును ఆపే నిరోధకం ఒకటి ఉంది. కొత్త కణంలో అది చేరడానికి సమయం పట్టింది.

1958 జూలైలో పారిస్‌లో భార్యతో కలిసి ఒక సినిమాకు వెళ్ళి, తెరమీది బొమ్మ పట్టక ఆలోచనలో పడ్డ జాకోబ్‌కు ఈ రెండు ప్రయోగాలూ ఒకటేనని తట్టింది. వైరస్‌ను అణచివుంచేదీ, ఎంజైమ్‌ను ఆపివుంచేదీ ఒకే రకం యంత్రాంగం: ఒక జన్యువు నిరోధకాన్ని తయారుచేస్తుంది, అది డి.ఎన్.ఏ. మీదనే పనిచేసి ఇతర జన్యువులను ఆపుతుంది. చక్కెర వచ్చి ఆ నిరోధకాన్ని తొలగిస్తుంది. మోనో మొదట ఒప్పుకోలేదు. వాదించుకొన్నారు, మళ్ళీ ప్రయోగాలు చేశారు, 1961లో కలిసి ప్రకటించారు. 1966లో గిల్బర్ట్, ముల్లర్‌హిల్ పాలచక్కెర నిరోధకాన్నీ, 1967లో టాష్నే లాంబ్డా వైరస్ నిరోధకాన్నీ విడిగా పట్టుకొని చూపారు. ల్వోఫ్, జాకోబ్, మోనోలకు 1965లో నోబెల్ బహుమతి వచ్చింది. సోవియట్ జన్యుశాస్త్ర సంస్థ అధ్యక్షపదవి నుంచి లైసెంకోను తొలగించిందీ ఆ ఏడాదే.

ఈ చరిత్ర ఇరుపక్షాలకూ చెప్పేది ఉంది. పరిస్థితి ముఖ్యమే, కాని ఈ ప్రయోగంలో అది జన్యువును మార్చలేదు, దాని పనిని మార్చింది. అలాగే జన్యువు ఉన్నంత మాత్రాన దాని ఫలితం తప్పదనుకోవడమూ పొరపాటే. బాక్టీరియాకు పాలచక్కెర దొరక్కపోతే ఆ శక్తి దాదాపు నిద్రలోనే ఉండిపోతుంది. అయితే బాక్టీరియా నుంచి ఒక్క గంతులో మనిషి సమాజానికి దూకడమూ లైసెంకో చేసిన పనిలాంటిదే. మన కణాల్లో జన్యునియంత్రణ ఇంతకంటే ఎంతో చిక్కైనది. కులం తప్పని చెప్పడానికి వైరస్ సాక్ష్యం అక్కరలేదు. దానికి చరిత్రా న్యాయబుద్ధీ చాలు. శాస్త్రం మన తరపున వకాల్తా పుచ్చుకోదు.

జాకోబ్ రచయిత కూడా. 1970లో అనువంశికతా భావనకు చరిత్ర రాశాడు. 1977లో రాసిన వ్యాసంలో పరిణామాన్ని, ఇంజనీరులా ముందుగా నమూనా గీసుకోకుండా చేతికందిన పాత సామానుతోనే కొత్త వస్తువు చేసే పనివాడితో పోల్చాడు. 2013లో మరణించాడు. మన కథల్లో మంచివాడు పుట్టుమంచివాడుగానో, పరిస్థితుల చేతి బంకమట్టిగానో వస్తున్నంతకాలం ఆయనను చదవవలసిన అవసరం ఉంది. ఒక మనిషిలో అణగి ఉన్నదేమిటి, దాన్ని అణచివుంచినదేమిటి, ఏ నిర్దిష్ట పరిస్థితిలో అది పైకి వచ్చింది అని పాత్ర పాత్రకూ విడిగా అడగడం నేర్చుకుంటే, జవాబు ముందే రాసిపెట్టుకొని కథ మొదలుపెట్టే అలవాటు తగ్గుతుంది.